గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలలో చర్మశిల్పవిద్య

మేము బాల్యమున అమరకోశము వల్లించుచుండఁగా, చర్మకారుని సాధనమునకు "ఆర" యను పేరును కంఠస్థము చేయవలసివచ్చెను. ఆనాఁటి సాయంకాలము ఇల్లు చేరునప్పటికి మా తండ్రిగారు అరుగుపైఁ గూర్చుండి చెప్పు కుట్టుచు, "ఒరే, ఆ ఆరె ఇట్లందుకో" యనిరి. గురువుగారి నోటి శబ్దమును, తండ్రిగారి చేతి సాధనమును ఒక్కటియే యని యపుడు మాకుఁ దెలిసెను. శబ్దమునకుఁ బండితసభలో పీఠము లభింపఁగా, ఆ సాధనమును పట్టిన చేతికి ఆ సభవాకిట నైనను చోటేల లభింపలేదను ప్రశ్న నేఁటివఱకు మమ్ము విడువలేదు.

ఆర మిగులఁ బ్రాచీనము. ఋగ్వేద షష్ఠమండలమున పూషదేవుఁడు దానిని ధరించినవాఁడు. లోభుల హృదయములను దానితోఁ గ్రుచ్చుమని ఋషి యాతనిని వేఁడెను. 12వ శతాబ్దమున బసవేశ్వరుఁడు మాదార చెన్నయ్యను పరమపూజ్యునిగా నెంచెను. పాల్కురికి సోమనాథుఁడు బసవపురాణమున ఆ భక్తుని కథను తెలుఁగువారికిఁ జెప్పెను. కావున మన వృత్తికి నీచత్వము పుట్టుకతో వచ్చినది కాదు, లోకము తగిలించినది.

మన సీమను జూతము. 2016లో మూఁడు జిల్లాల కేంద్రములైన గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు పట్టణములలో మొదటి రెండును పూర్వము సంస్థానములు. పండితపోషణమునకుఁ బేరువడి గద్వాల "విద్వద్గద్వాల" యనిపించుకొనెను. వనపర్తి రాజా మొదటి రామేశ్వరరావు హబ్షీల యాశ్వికదళమును బోషించెను. రౌతు గుఱ్ఱమెక్కవలెనన్న జీనును, కళ్ళెపు వారును తోలే. ఖడ్గమునకు ఒరయుఁ దోలే. రైతు చేను తడుపవలెనన్న మోటబొక్కెనయు, దాని తొండమును తోలే. జాతర సాగవలెనన్న డప్పును తోలే. కవుల పేర్లు గ్రంథములలో నిలిచినవి. తొండము కుట్టినవాని పేరు బావిగట్టుననే కలసిపోయెను.

అతనిది విద్య కాదనువారు దాని యభ్యాసక్రమమును విందురుగాక. పచ్చితోలును సున్నపునీట నానవేసి, వెండ్రుకలు వదలిన పిమ్మట గీఁకి కడిగి, దంచిన తంగేడుచెక్కతో లందలో నూరవేయుదురు. తోలును సంచివలెఁ గుట్టి, లోపలఁ గషాయము నింపి వ్రేలాడఁగట్టుటయుఁ గలదు. కరక్కాయతోఁ దుదిమెఱుఁగు పెట్టుదురు. ఇట్లు చెట్టుచెక్కతోఁ బదునైన తోలే తనపై వేసిన ముద్రను చక్కఁగా నిలుపుకొనును.

ముద్రవేయుటలో మొదటి పాఠము నీరు. తోలును తడిపి, పైరంగు మరలఁ దేలునంతవఱకు ఆఱనీయవలెను. తడి మిక్కిలియైన ముద్ర చెదరును, తక్కువయైన దిగదు. మా తండ్రిగారు తోలును చెక్కిలికిఁ దాఁకించి, చల్లదనమునుబట్టి పదను చెప్పెడివారు. రెండవ పాఠము చేయి. క్రింద నున్నని రాయి, దానిపైఁ దోలు, ముద్ర నిటారుగా నుండవలెను. గూటముతో నొక్కటే దెబ్బ. రెండవ దెబ్బ వేసినచో ముద్రప్రక్క నీడ పడును. మూఁడవ పాఠము గీఁత. రంపెమొన తోలుమందములో సగమును మించి దిగరాదు. మేము మూఁడు నెలలు తుక్కుతోలుపైఁ జుక్కల వరుసలే వేసితిమి. చుక్కలు సమదూరమునఁ బడిననాఁడు గాని చెప్పు మా చేతికి రాలేదు. ఇసుకలో ఓనమాలు దిద్దించుటకును దీనికిని మాకు భేదము కనఁబడదు.

ఇంతటి విద్యకు లభించినది వెట్టి. దొర యడిగిన చెప్పులు, పటేలు యడిగిన పలుపులు ఉచితముగా నీయవలసియుండెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ఆరంభమైన నిజాము రాష్ట్రాంధ్రమహాసభ వెట్టికెదురుగా గొంతెత్తినది. 1949లో జాగీరులు పోయెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను, వెట్టిని నిషేధించెను. మన బిడ్డలు ఆరెను విడిచి పలకఁ బట్టిరి. అది తప్పుగాదు, మేమును అట్లే చేసితిమి.

అంతలోఁ గాలమును మాఱినది. మోటను విద్యుత్పంపు, తోలుచెప్పును ప్లాస్టిక్కు త్రోసివేసినవి. 20వ శతాబ్దారంభమున మద్రాసులో ఆల్ఫ్రెడ్ ఛాటర్టను ప్రవేశపెట్టిన క్రోముపదును త్వరగాఁ బూర్తియగును గాని, ఆ తోలుపై ముద్ర సరిగా నిలువదు. లందలు పూడిపోయినవి. మా తండ్రిగారి ముద్రలు రెండు మాత్రమే మాయొద్ద మిగిలినవి. వానిని బట్టు విధము మాకుఁ దెలియును. ఆయన చేతి తీరు మాకు రాలేదు. ఇట్టి నష్టము మా యొక్క యింటిది మాత్రమే కాదు.

ఈ విద్యకు నేఁడును విలువ కలదు. వంగదేశమున రథీంద్రనాథ ఠాకూరు, ప్రతిమాదేవి దంపతులు శ్రీనికేతనమునఁ బాదుకొల్పిన తోలుముద్రల పని నేఁటికిని అనేకులకు జీవనాధారము. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు ఉలితోఁ జిల్లులు తీర్చు దళవాయి చలపతిరావుగారిని 2020లో పద్మశ్రీ వరించెను. తోలు పట్టిన చేతిని దేశము గౌరవించుటకు ఇంతకంటె నిదర్శనమేల?

కావున మహాసభవారికి మా విన్నపము మూఁడు మాటలు. మన మూఁడు జిల్లాలలో మిగిలిన వృద్ధుల పనిముట్ల పేర్లను, పనివిధమును వ్రాయించి యుంచవలెను. గద్వాలలో మూఁడు నెలల యభ్యాసశాల పెట్టి, ఆ వృద్ధులనే యుపాధ్యాయులుగా నియమించి, తక్కిన యుపాధ్యాయులకువలె వేతనమీయవలెను. బాలురును బాలికలును, ఏ కులమువారైనను, ఇష్టపడి వచ్చినవారే యందు నేర్వవలెను. పుట్టుక నిర్బంధించిన పని వెట్టి. ఇష్టపడి నేర్చిన పని విద్య. ఈ భేదము మఱచినచో మన పెద్దలు పడిన పాటు వ్యర్థమగును.

దాతలు మన మనవి నాలకించి, పూషదేవుని ఆరకుఁ బనికల్పింపకయే ముందుకు వత్తురని నమ్ముచున్నాము.