దత్తమండలమను పేరు

కర్నూలునుండి కడపకు పోవు బాటలో నంద్యాలను, ఆళ్లగడ్డను దాటిన పిమ్మట చాగలమర్రి వచ్చును. తూర్పున నల్లమల కొండలు, పడమట కుందేటి దిక్కునకు పరచుకొన్న నల్లరేగడి చేలు. ఈ రెంటి నడుమనున్న రేనాటి సీమలో ఎందరు ప్రభువులు మారినను, మార్పునకు ముందు సేద్యగాండ్ర నడిగిన ప్రభువొక్కడును లేడు. నేడు రష్యా తన పొరుగు రాజ్యమైన ఉక్రెయినుపై దండెత్తి, తక్కినవారిని అణ్వస్త్రములపేర బెదరించుచుండగా, పాశ్చాత్య రాజ్యములు ఏమి చేయవలెనను ప్రశ్నకు ఈ సీమ పూర్వకథలోనే కొంత సమాధానము దొరకును.

1795లో మరాఠాలు హైదరాబాదు నిజాముపైకి దండెత్తి వచ్చిరి. నిజాము కొలువున రెండు ఇంగ్లీషు పటాలములుండినను, మరాఠాలతో వైరము తెచ్చుకొనుటకు ఇష్టపడని ఈస్టిండియా కంపెనీ గవర్నరు జనరలు సర్ జాన్ షోర్ వానిని కదలనీయలేదు. ఖర్దా యుద్ధమున ఓడిన నిజాము కొంత భూమిని వదలుకొని, మూడు కోట్ల రూపాయలకు ఒడబడవలసివచ్చెను. ఆపదలో అక్కరకురాని చెలిమి కిఁక విలువయేమని యెంచి, ఆయన ఇంగ్లీషు పటాలములను పంపివేసి, ఫ్రెంచి సేనాని రేమండును మరింత నమ్ముకొనెను. తటస్థత పేరిట షోర్ కాపాడఁదలచిన శాంతి కంపెనీకిని మేలు చేయలేదు.

షోర్ తరువాత వచ్చిన వెల్లెస్లీ దానికి పూర్తిగా విరుద్ధమైన మార్గము త్రొక్కెను. 1798 సంధివలన ఆరు పటాలములు హైదరాబాదులో నిలిచినవి. వాని ఖర్చునకై నిజాము ఏటేట 24,17,100 రూపాయలు చెల్లించవలెను. 1800 అక్టోబరులో, ఆ రొక్కమునకు బదులుగా, మైసూరు యుద్ధములలో తనకు దక్కిన సీమలనే ఆయన కంపెనీకి ధారపోసెను. బళ్ళారి, అనంతపురము, కడప, కర్నూలులోని కొన్ని భాగములు ఒక్క సంతకముతో చేతులు మారి 'దత్తమండలము' లయ్యెను. ఇచ్చినవాఁడు ఒకఁడు, పుచ్చుకొన్నవాఁడు మరియొకఁడు. దున్నుకొని బ్రతుకువానికి ఆ దస్తావేజులో చోటే లేకపోయెను.

ఆ సీమలకు కలెక్టరై వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇచ్చటనుండి, సుమారు 80 మంది పాలెగాండ్రను అణచి, కోటలను పాడుపెట్టి, కొందరికి తవర్జీ యను పింఛను నిర్ణయించెను. చాగలమర్రికి పొరుగుననే యున్న ఉయ్యాలవాడలో నరసింహారెడ్డి అట్టి తవర్జీ కుటుంబమువాఁడు. తాతగారైన నొస్సం పాలెగాని తవర్జీ ఆగిపోవుటయు, గ్రామములు కాచు కట్టుబడివాండ్ర మాన్యములను సర్కారు లాగుకొనుటయు ఆయన చుట్టు జనమును చేర్చినవి. 1846 జులైలో ఆయన కోవెలకుంట్ల ఖజానాపై పడెను. పట్టుబడిన పిదప, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో సర్కారు ఆయనను ఉరితీసి, చూచినవాఁడెల్ల వణకవలెనని తలను 1877 వరకు, అనఁగా ముప్పది యేండ్లు, కోటకు వ్రేలాడదీసెను. ఎండకు ఎండి, వానకు తడిసి, ఆ తల ఎముకగా మారుచుండఁగా, అదే సీమలో ఆయనపై కట్టిన పాటలు ఊరూర మారుమ్రోగెను. ముప్పది యేండ్ల బెదరింపు పాటనైనను ఆపలేకపోయెను.

ఈ కథలోని రెండు దోషములును మన కాలమున మరల కనఁబడుచున్నవి. తన నేలపైనున్న అణ్వస్త్రములను వదలుకొన్నందుకు ఉక్రెయినుకు 1994లో బుడాపెస్టులో రష్యా, అమెరికా, బ్రిటను దేశములు సరిహద్దులను మన్నింతుమని మాట యిచ్చినవి. 2014లో రష్యా క్రిమియాను కబళించినప్పుడు పాశ్చాత్యులు ఆంక్షలు విధించిరేగాని ఆ మాటను నిలువఁబెట్టలేకపోయిరి; 2022 ఫిబ్రవరి 24న పెనుదాడియే జరిగెను. ఇది షోర్ చేసిన తప్పు. సాయము చేయుదమనుచు, అలసిన తరువాత ఆ జనుల నడుగకయే వారి భూమిని పంచి యుద్ధమును ముగింపఁజూచుట వెల్లెస్లీ త్రోవ. బలవంతుని బెదరింపునకు లొంగక, సకాలమున ఆయుధమును, ధనమును, ఆంక్షలను ఒకేమారు కూర్చుటయు, సంధి షరతులను ఆ దేశపు జనులకే విడుచుటయు పాశ్చాత్యుల ధర్మము. అణుయుద్ధ భయము వట్టిది కాదు. అందుచేతనే తొందరపాటు పనికిరాదు. కాని భయమునకు లొంగి ఇచ్చిన భూమి బెదరించువానికి తరువాతి బెదరింపునకు మూలధనమగును.

నిజాము సంతకమునకు 128 ఏండ్ల తరువాత, 1928లో, నంద్యాలలో జరిగిన ఆంధ్రమహాసభలో ఈ సీమవారు 'దత్తమండలము' అను పేరును త్రోసివేసి, చిలుకూరి నారాయణరావుగారు సూచించిన 'రాయలసీమ' అను పేరును స్వీకరించిరి. తమను ఎవరో ఎవరికో ఇచ్చిరనెడు మాట ఆ జనులకు 128 ఏండ్లకైనను మఱపునకు రాలేదు.