శ్రుతి ఎవరి కొరకు?



మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిస్తే పాట పైన రాగము, తాళము పేర్లు కనబడతాయి. శ్రుతి ఎంతో ఉండదు. పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) వంటి భక్తులు మన రాగాలలో కట్టిన కీర్తనలకు శ్రుతి నిర్ణయించేది పాడేవారి గొంతే. బైబిలులో 22వ కీర్తన పైన కూడా రాగము పేరే ఉంది.

యూరప్ దేశాలలో సంగతి వేరు. అక్కడ పది వాయిద్యాలు కలిసి వాయించాలి గనుక అందరికీ ఒక శ్రుతి కావాలి. అయితే చాలాకాలము ఊరికొక శ్రుతి, చర్చి ఆర్గన్‌కొక శ్రుతి ఉండేది. 19వ శతాబ్దములో హాళ్లు పెద్దవయ్యాయి. శ్రుతి కొంచెము పెంచితే నాదము మెరుస్తుందని వాయిద్యకారులు పోటీ పడి పెంచుకుంటూ పోయారు. తీగ తెగితే కొత్తది వేయవచ్చు. గొంతు చెడితే ఏమి వేస్తాము? గాయకులు మొరపెట్టుకున్నారు.

అప్పుడు ఫ్రాన్సు ప్రభుత్వము రొస్సీనీ, బెర్లియోజ్ వంటి సంగీతకారులతో కమిటీ వేసి, 1859లో 'ఏ' స్వరానికి సెకనుకు 435 కంపనాలని చట్టము చేసింది. ఆ లెక్క 15 డిగ్రీల చలిలో వేసినది. హాలు వేడెక్కితే ఊదే వాయిద్యాల శ్రుతి పైకి పోతుంది. అందుకని ఇంగ్లండు వారు 439 అన్నారు. రేడియో వచ్చాక, 439 ఒకటితోను, తనతోను తప్ప మరే సంఖ్యతోనూ భాగింపబడదు గనుక యంత్రముతో పుట్టించడము కష్టమైంది. 1939లో లండను సమావేశము 440కి ఒప్పుకుంది.

నేడు మన మందిరాలలోని కీబోర్డు ఆ 440తోనే వస్తుంది. అది వాయిద్యాల మధ్య ఒడంబడిక మాత్రమే. ఏ మెట్టును 'స'గా పెట్టుకోవాలో మన చేతిలోనే ఉంది. కల్వకుర్తి చుట్టుపక్కల పల్లె సంఘాలలో మేము చూస్తున్నది ఇది: యౌవనస్థులు ఫోనులో విన్న పాటను అదే శ్రుతిలో ఎత్తుకుంటారు. పత్తి చేనులో వారమంతా వంగి పనిచేసి వచ్చిన అవ్వలు పల్లవి పాడి, చరణము పైకి పోగానే ఊరకుంటారు. వారికి ఆ పాట కంఠస్థమే, గొంతు మాత్రము అందదు.

తమ్ములారా, వచ్చే ఆదివారము రెండు మెట్లు దించి ఎత్తుకోండి. హార్మోనియమైతే కింది మెట్టు పట్టండి, కీబోర్డైతే ట్రాన్స్‌పోజ్ నొక్కండి. ఆనాడు రాజ్యాలే గాయకుల గొంతు కొరకు శ్రుతి దించాయి. మన అవ్వల కొరకు మనము దించలేమా? సంఘమంతా పాడితేనే అది సంఘపు ఆరాధన.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.