డార్విన్ ఫించ్ పక్షులు

డార్విన్ ఫించ్ పక్షులు పసిఫిక్ మహాసముద్రంలోని గాలపాగస్ దీవులలో నివసించే చిన్న పక్షులు. ప్రకృతి వరణం వలన కొత్త జాతులు ఏర్పడే విధానానికి ఇవి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఈక్వెడార్ దేశానికి చెందిన ఈ దీవులు దక్షిణ అమెరికా తీరం నుండి దాదాపు 1000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. లక్షల సంవత్సరాల క్రితం ఖండం నుండి వచ్చిన ఒకే పూర్వీక జాతి నుండి ఇవన్నీ ఉద్భవించాయి. ముఖ్యమైన తేడా ముక్కులోనే ఉంది. గట్టి గింజలు పగులగొట్టే పక్షులకు లావుపాటి ముక్కు, పురుగులను ఏరుకునే వాటికి సన్నని ముక్కు ఉంటాయి.

చరిత్ర

చార్లెస్ డార్విన్ 1835లో బీగిల్ నౌకపై ఈ దీవులకు వచ్చాడు. ఈ పక్షులను చూడగానే ఆయనకు పరిణామ సిద్ధాంతం స్ఫురించిందనే కథ ప్రచారంలో ఉన్నది కాని, అది నిజం కాదు. ఏ పక్షిని ఏ దీవిలో పట్టినదీ ఆయన సరిగా రాసుకోనేలేదు. ఇవి ఒకదానికొకటి దగ్గరి బంధువులని 1837లో లండన్‌లో గుర్తించినది పక్షి శాస్త్రవేత్త జాన్ గౌల్డ్.

ప్రకృతి వరణం

పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుండి డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో దశాబ్దాల పాటు ఈ పక్షులను కొలిచి, గుర్తులు వేసి పరిశీలించారు. 1977లో వర్షాలు లేక అక్కడ చిన్న గింజలు అయిపోయాయి. మిగిలినవి ప్రధానంగా పెద్ద, గట్టి గింజలు. వాటిలో మన పల్లేరుకు దగ్గరి బంధువైన ఒక మొక్క ముళ్ళకాయలు ముఖ్యమైనవి. మధ్యరకం నేల ఫించ్‌లలో సుమారు 85 శాతం నశించాయి. బ్రతికినవాటిలో పెద్ద ముక్కు గలవే ఎక్కువ. ముక్కు పరిమాణం వంశపారంపర్యంగా వచ్చేది కనుక తరువాతి తరంలో ముక్కు మందం సగటున సుమారు 4 శాతం పెరిగింది. 1983 నాటి ఎల్ నినో వర్షాల తరువాత చిన్న గింజలు విస్తారమై, వరణం వ్యతిరేక దిశలో పనిచేసింది.

కొత్త జాతి ఏర్పడటం

ముక్కు మారినంత మాత్రాన కొత్త జాతి ఏర్పడదు. రెండు సమూహాలు ఒకదానితో ఒకటి జతకట్టడం మానాలి. వేరువేరు దీవులలో చాలాకాలం విడిగా ఉన్నప్పుడు ముక్కుతో పాటు పాట కూడా మారుతుంది. మగపిల్లలు తండ్రి పాటనే నేర్చుకుంటాయి. ఆడపక్షులు పాటను, రూపాన్ని బట్టి జతను ఎంచుకుంటాయి. అందువలన ఆ సమూహాలు మళ్ళీ ఒకే దీవికి చేరినా సాధారణంగా కలవవు. అప్పుడప్పుడు సంకరణం జరుగుతూనే ఉంటుంది కనుక ఈ జాతులను విడదీసి లెక్కించడం శాస్త్రజ్ఞులకు తేలిక కాలేదు.

సంకరణం వలన కూడా కొత్త వంశం పుట్టవచ్చు. 1981లో డాఫ్నే మేజర్‌కు పెద్ద శరీరం, వేరే పాట గల ఒక మగపక్షి వచ్చి, స్థానిక మధ్యరకం ఆడపక్షితో జతకట్టింది. అది 100 కిలోమీటర్లకు పైగా దూరంలోని ఎస్పన్యోలా దీవి పక్షి అని 2017లో వెలువడిన జన్యు పరిశోధన తెలిపింది. కొద్ది తరాలలోనే దాని సంతతి తమలో తామే జతకట్టసాగింది. 2003-05 నాటి కరువులో ఈ వంశంలో తోబుట్టువులైన ఒక మగ, ఒక ఆడ పక్షి మాత్రమే మిగిలాయి. వాటి నుండే వంశం కొనసాగింది.