మూసీ వరద – చెరువుగట్టు



1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను. వేలకొలది జనులు మృతినొందిరి. అఫ్జల్‌గంజిలో నొక చింతచెట్టు నెక్కిన సుమారు 150 మంది బ్రతికిరి. చెట్టు దొరకుట యదృష్టము, ఏర్పాటు కాదు.

కారణము విచారించుటకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని ప్రభుత్వము పిలిపించెను. ఎగువనున్న 788 చెరువులలో 221 తెగినవని యాయన తేల్చెను. గ్రామముల గట్లు తెగి నగరము మునిగినది! ఆయన సూచన ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియయ్యెను.

2005లో విపత్తు నిర్వహణ చట్టము, 2006లో జాతీయ విపత్తు ప్రతిస్పందన దళము ఏర్పడినవి. అయినను దళము చేరులోపల ఊరికి ఊరివారే దిక్కు. కావున తొలకరికి ముందే గట్టును, తూమును, అలుగును పరీక్షింపుడు, మెరకచోటు నిర్ణయించుకొనుడు.