యోగక్షేమాలు: కొల్లేటి చరిత్ర బోధించే ధర్మం



‘యోగక్షేమం’ అనే పదాన్ని మనం కుశలప్రశ్నగా వాడుతూ ఉంటాము. శంకర భగవత్పాదులు గీతాభాష్యంలో దాని అర్థాన్ని విడదీసి చూపారు: లేనిదానిని పొందడం యోగం, పొందినదానిని రక్షించుకోవడం క్షేమం. ఈ రెండూ విడిపోతే కలిగే అనర్థానికి కొల్లేరే నిదర్శనం.

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న ఈ సరస్సు బుడమేరు, తమ్మిలేరుల వరదను తనలో నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి విడుస్తుంది. ఆ ఉపకారానికి అంగడిలో వెల లేదు. చేపకు వెల ఉన్నది. అందువల్లనే సరోగర్భంలో చేపల చెరువుల గట్లు లేచాయి. ఇది క్షేమాన్ని విస్మరించిన యోగం.

మూలధనాన్ని భక్షించి దానినే ఆదాయమని లెక్కించే ఈ దోషాన్ని పర్యావరణ అర్థశాస్త్రం ఖండిస్తుంది. ఆ శాస్త్రానికి పునాది వేసిన జార్జెస్క్యూ-రోగెన్ గ్రంథం 1971లో వెలువడింది. అంతకుముందే, 1945లో, గాంధేయుడైన జె.సి. కుమారప్ప శాశ్వతమైన ఆర్థికవ్యవస్థను ప్రతిపాదిస్తూ గ్రంథం రచించారు. లెక్కను సరిదిద్దడం శాస్త్రం పని. దానిని శాసనంగా నిలపడం రాజనీతి పని. 1980లో జర్మనీలో హరిత పక్షం ఆవిర్భవించింది ఇందుకోసమే.

మన సీమలో అట్టి పక్షమేదీ లేకున్నా, శాసనం వచ్చింది. 1999లో సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేరు అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. సర్వోన్నత న్యాయస్థానం నియమించిన కేంద్ర సాధికార సంఘం ఆదేశాలపై 2006లో చెరువుల గట్లు తెగాయి. ధనవంతుల చెరువులతోపాటు పేదల జీవికయు పోయింది. ఇది యోగాన్ని విస్మరించిన క్షేమం. ఆ దుఃఖం ఊరకపోలేదు: గీతను 3 అడుగులకు కుదించమని 2008లో శాసనసభ తీర్మానించింది. 5 అడుగుల గీతనే నిలపమని 2011లో అజీజ్ సంఘం సూచించింది.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, ఆ నీటికి గమ్యం కొల్లేరేనని అందరికీ గుర్తుకు వచ్చింది. కనుక గీత నిలవవలసిందే. అయితే, ఆ రక్షణఫలాన్ని అనుభవించే పట్టణాలూ పొలాలూ గీత లోపల జీవిక కోల్పోయినవారికి ఋణపడి ఉన్నాయి. ఆ ఋణం దయ కాదు, లెక్కలో చేరవలసిన బాకీ. కొల్లేటికోట పెద్దింట్లమ్మను దర్శించే భక్తులు తమ యోగక్షేమాలతోపాటు ఆ తీరవాసుల యోగాన్నీ, ఆ సరస్సు క్షేమాన్నీ ప్రార్థింతురుగాక.

స్వస్తి.