మోటుపల్లి అభయశాసనం: తీరం ఎవరిది, ఓడ ఎవరిది?

మా పలనాటికి కొండలున్నవి, కృష్ణ ఉన్నది, నాగులేరున్నది. సముద్రం మాత్రం లేదు. అయినా సముద్ర న్యాయాన్ని గురించి మాట్లాడే అర్హత మాకు కొంత ఉన్నదని నా నమ్మకం. రెడ్డిరాజుల కొండవీడు నేడు పలనాడు జిల్లాలోనే ఉన్నది. ఆ కొండవీటికి రేవు మోటుపల్లి. నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని ఆ చిన్న ఊరి వీరభద్రాలయంలో, కాకతి గణపతిదేవుడు శా.శ. 1166 (క్రీ.శ. 1244-45)లో వేయించిన అభయశాసనం ఉన్నది.

అందులో నన్ను ఆకర్షించేది రాజుగారి బిరుదావళి కాదు, దానిలో నమోదైన ఒక పాత అన్యాయం. ఒక దేశం నుండి మరొక దేశానికి బయలుదేరిన ఓడలు తుఫానుకు చిక్కి, పగిలి, పరాయి తీరానికి కొట్టుకొనివస్తే, వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తమూ పూర్వపు రాజులు బలాత్కారంగా తీసుకొనేవారట. తీరం ఎవరిదైతే సొమ్మూ వారిదే అన్నమాట! గణపతిదేవుడు ఆ ఆచారాన్ని మాన్పించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటివచ్చే వర్తకులకు, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా విడిచిపెడుతున్నామని చాటాడు. ఆ సుంకం ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, దంతం, పట్టునూలు, మిరియాలు మొదలైన సరకుల సుంకాలను రాతిపైనే చెక్కించాడు.

ఇదంతా కేవలం దయ అని నేననను. భయపడిన ఓడ రేవుకు రాదు. రాని ఓడ సుంకం కట్టదు. ధర్మమూ లాభమూ ఒకే ఒరలో ఇమిడిన సందర్భమిది. 1358లో కొండవీటి అనవోతారెడ్డి అదే రేవులో మళ్లీ వర్తకులకు అభయమిచ్చాడు. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చింది అవచి తిప్పయసెట్టి అనే ఓడవర్తకునికే.

ఇక నేటి కాలానికి వద్దాం. 1926 ఆగస్టు 2న ఏజియన్ సముద్రంలో ఫ్రాన్సువారి ‘లోటస్’ ఓడ టర్కీవారి ‘బోజ్‌కుర్త్’ను ఢీకొన్నది. ఎనిమిదిమంది టర్కులు మరణించారు. లోటస్ ఇస్తాంబుల్ చేరగానే టర్కీ ఆ ఓడ అధికారిని నిర్బంధించింది. ఫ్రాన్సు అభ్యంతరం చెప్పింది. తగవు హేగ్ న్యాయస్థానానికి వెళ్లింది. న్యాయమూర్తులు చెరిసగంగా చీలిపోగా, 1927లో అధ్యక్షుని ఓటుతో టర్కీ గెలిచింది. ఆ తీర్పు నావికులకు రుచించలేదు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర ఒడంబడిక దానిని తిరగరాసింది: నడిసముద్రంలో ఓడలు ఢీకొంటే, విచారించే అధికారం ఆ ఓడ జెండా దేశానిది, లేదా ఆ నావికుని స్వదేశానిది. ఢీకొన్న ఓడ అవతలి ఓడవారిని ఆదుకొనితీరాలని కూడా అందులో ఉన్నది. ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపల వేట నిబంధనలు మీరినవారికి, దేశాల మధ్య వేరే ఒప్పందం లేనిచో, చెరసాల శిక్ష వేయరాదని మరొక అధికరణం. భారత, పాకిస్తానులు రెండూ దీనిని అంగీకరించిన దేశాలే.

అయినా ఏమి జరుగుతున్నది? కచ్ఛ్, సింధుల నడుమ సర్ క్రీక్ అనే పాయ వద్ద సరిహద్దు తేలలేదు. దాని ముందరి సముద్రంలోనూ గీత లేదు. గుజరాతు పడవలలో కూలికి వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్తాను నిర్బంధించింది. వారిలో ఇరవైమంది 2020 జనవరి 6న వాఘా వద్ద స్వదేశంలో అడుగుపెట్టారు. పదునాలుగు నెలలు! మన వైపు చెరసాలలలోనూ పాకిస్తాను జాలరులు ఉంటూనే ఉన్నారు. 2008 నాటి ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఇరుదేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకొంటాయి. జాబితాలో పేరు కనబడడం వేరు, మనిషి ఇల్లు చేరడం వేరు.

భూమి పంపకం తగవు రాయబారంతో తీరకపోతే ఏమవుతుందో కారెంపూడి మాకు చెప్పింది. దేశాల సరిహద్దు తగవులు తీరడానికి తరాలు పట్టవచ్చు, పట్టనీయండి. అంతవరకు వల వేసిన కూలివాడు ఎందుకు చెరలో ఉండాలి? ఏ గీత ఎవరిదో తేల్చకుండానే గణపతిదేవుడు అభయమివ్వగలిగాడు. ఆ పని నేటి ప్రభుత్వాలకు అసాధ్యమని నేను నమ్మను.

మిత్రులలో తీరప్రాంతంవారు ఉంటే, మీ వైపు రేవుల శాసనాల ముచ్చట్లు కూడా వ్రాయగలరు.