ఐఎస్ఓ 22000

ఆహార వ్యాపారాల్లో భద్రతా నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం. 2005లో వెలువడింది, 2018లో సవరించారు. ప్రమాణాన్ని రాసింది ఐఎస్ఓ అయినా ధ్రువపత్రం ఇచ్చేది మాత్రం స్వతంత్ర ధ్రువీకరణ సంస్థలు. దీనికి వెన్నెముక హాసప్ పద్ధతి. 1960లలో అమెరికా వ్యోమగాముల ఆహారం కోసం పుట్టిన ఈ పద్ధతి, తయారైన సరుకును చివర్లో పరీక్షించడం కన్నా ప్రమాదం తలెత్తే చోటే అడ్డుకోమంటుంది. పచ్చళ్ల తయారీలో పులుపు అలాంటి చోటు: పీహెచ్ 4.6కు మించితే బొట్యులిజం అనే విషాహార జబ్బు భయం. ఆవకాయ పెట్టే ఇల్లాలు నాలుకతో తేల్చేదాన్ని ఇక్కడ మీటరుతో కొలిచి రిజిస్టరులో ఎక్కించాలి. రాయనిది చేయనట్టే లెక్క. ఆడిట్ రెండు దశలు: ముందు పత్రాలు, సన్నద్ధత, తర్వాత పని జరిగే తీరు. ధ్రువపత్రం మూడేళ్లు చెల్లుతుంది, మధ్యలో ఏటా తనిఖీ ఉంటుంది. భారతదేశంలో ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సుకు ఇది ప్రత్యామ్నాయం కాదు.